ఎసిటిక్ ఆమ్లమా, ఇథనోయిక్ ఆమ్లమా: ఏ పేరు మేలు?

లాటిన్‌లో ఫార్మికా అంటే చీమ, ఎసిటమ్ అంటే వెనిగర్. ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలకు ఆ పేర్లు అలా వచ్చినవే. పాత పేరు ఆమ్లం ఎక్కడ దొరికిందో చెబుతుంది, లోపల ఎన్ని కర్బనాలున్నాయో చెప్పదు. ఐయూపీఏసీ (రసాయనాల పేర్లకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) పద్ధతి పేరు సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. ఆ పద్ధతిలో ఎసిటిక్ ఆమ్లమే ఇథనోయిక్ ఆమ్లం.

కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాల సంగతి చూడండి. మూడూ మేకను సూచించే లాటిన్ మాట నుంచే పుట్టాయి. వీటిలో ఏది ఏదో నాకు ఇప్పటికీ చటుక్కున గుర్తురాదు. హెక్సనోయిక్, ఆక్టనోయిక్, డెకనోయిక్ అంటే 6, 8, 10 కర్బనాలని పేరే చెప్పేస్తుంది. ఇక్కడ పోటీయే లేదు.

కొమ్మలున్న గొలుసుల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఐసోవాలెరిక్ అని వింటే గుర్తున్నవాళ్లే గీయగలరు. అదే 3-మిథైల్‌బ్యుటనోయిక్ ఆమ్లం అంటే గొలుసులో నాలుగు కర్బనాలు, మూడోదాని మీద మిథైల్ (ఒక కర్బనం ఉన్న కొమ్మ). లెక్క కార్బాక్సిల్ (ఆమ్లగుణాన్నిచ్చే -COOH గుంపు) కర్బనంతోనే మొదలవుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఎందుకంటే పాత పద్ధతిలో ఆల్ఫా, బీటా లెక్క దాని పక్క కర్బనం నుంచి మొదలవుతుంది. ఆల్ఫా అంటే 2, బీటా అంటే 3. రెండు పద్ధతులూ ఒకే పేరులో కలిపితే తప్పు ఖాయం.

వలయానికి కార్బాక్సిల్ తగిలితే మాత్రం ఆ కర్బనం లెక్కలోకి రాదు. అప్పుడు చివర 'ఓయిక్' ఉండదు, సైక్లోహెక్సేన్‌కార్బాక్సిలిక్ ఆమ్లం అనాలి.

అలాగని అన్నిచోట్లా కొత్త పేరే అనను. సిట్రిక్ ఆమ్లాన్ని 2-హైడ్రాక్సీప్రొపేన్-1,2,3-ట్రైకార్బాక్సిలిక్ ఆమ్లం అని పిలిచే ఓపిక ఎవరికుంది? నిర్మాణం గీయాలంటే ఆ పేరు బంగారం, మాటల్లో మాత్రం నోరు తిరగదు.

అసలు తమాషా ఏమిటంటే, 2013 సిఫార్సుల్లో ఐయూపీఏసీయే ఫార్మిక్, ఎసిటిక్ పేర్లకు మొదటి స్థానం ఇచ్చింది. మూడు కర్బనాల ప్రొపియోనిక్‌కు ఆ అదృష్టం లేదు, అక్కడ ప్రొపనోయికే. కాబట్టి ఎసిటిక్ అన్నవాణ్ని ఇథనోయిక్ అనమని సరిదిద్దడం అనవసరం. పరీక్షలో 'ఐయూపీఏసీ నామం రాయండి' అని అడిగితే మాత్రం పేచీ లేకుండా ఇథనోయిక్ అనే రాయండి. అదీ ఆ నియమాల ప్రకారం వచ్చిన పేరే.