ఆక్సిజన్ సెన్సర్ వైరు తెగితే అతకాలా, కొత్త సెన్సర్ వేయాలా?

మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది, లోపాలు చదివే స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ (సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) అని కోడ్ వచ్చింది, మెకానిక్ వెంటనే "సెన్సర్ పోయింది, మార్చేద్దాం" అన్నాడు. ఇక్కడ కాస్త ఆగండి. సెన్సర్ లైనులో ఏదో తేడా ఉందనే స్కానర్ చెప్పింది, అంతే. ఆ లైనులో సెన్సరుతో పాటు కప్లరు (వైర్లని కలిపే ప్లగ్గు), ఫ్యూజు, ఎర్తు, వైరింగు అన్నీ ఉంటాయి. ఎలక కొరికినా, సైలెన్సర్ పైపుకి ఆనుకుని వైరు కరిగినా వచ్చేది అదే లైటు.

నేను చెప్పేది పెట్రోల్ చిన్న ట్రక్కుల సంగతి. మన దగ్గర ఇవి తక్కువేం లేవు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ కోసం దించిన 9,260 బండ్లలో 6,413 టాటా ఏస్ గోల్డ్ పెట్రోలువే. ఏస్ అయినా, మారుతి సూపర్ క్యారీ అయినా ఇంజిను సీటు కిందే, వేడంతా అక్కడే, బండి నాలుగు రోజులు కదలకపోతే ఎలకలు కాపురం పెట్టేదీ అక్కడే.

ముందు లైటు సంగతి. కదలకుండా వెలుగుతుంటే మెల్లగా ఇంటికో షెడ్డుకో వెళ్లొచ్చు. ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే మాత్రం ఇంజిన్ మిస్సింగ్ అవుతోందని అర్థం, కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది, లోడు తగ్గించి పక్కకి ఆపాల్సిందే. ఇక చాలామంది చేసే పని బ్యాటరీ టెర్మినల్ పీకి మళ్లీ పెట్టడం. లైటు ఆరుతుంది, నిజమే. కోడ్ వచ్చినప్పుడు ఇంజిన్ ఏ స్పీడులో, ఎంత వేడిలో ఉందో రాసిపెట్టుకున్న వివరం కూడా దాంతోపాటే పోతుంది, తెగిన వైరు అలాగే ఉంటుంది కాబట్టి లైటు మళ్లీ వస్తుంది. దానికంటే బండి సాకెట్‌లో గుచ్చితే కోడ్ చదివి, ఫోనుకి బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ డాంగిల్ వంద రెట్లు నయం. షాపులో పెద్ద స్కానర్ ఇంకా చాలా చేస్తుంది కానీ ఈ ఒక్క పనికి అది అక్కర్లేదు, పైగా డాంగిల్ మీ చేతిలో ఉంటే బండి నడుస్తుండగా రీడింగ్ చూడొచ్చు.

కోడ్ నంబరు చూడండి. పీ0135 అంటే ముందు సెన్సర్ (క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందుండేది) హీటర్, అంటే సెన్సర్‌ని త్వరగా వేడెక్కించే తీగ లైను, పీ0134 అంటే సెన్సర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు, పీ0131 అంటే వోల్టేజి మరీ తక్కువ. కన్వర్టర్ వెనకుండే సెన్సర్ హీటరుకైతే పీ0141. అన్నిటిలోనూ వైరింగ్ అనుమానితుడే. ఇంజిన్ వేడెక్కాక ముందు సెన్సర్ వోల్టేజి 0.1 నుంచి 0.9 మధ్య గబగబా ఎక్కి దిగుతుండాలి. చాలా బండ్లలో 0.45 దగ్గర బిగుసుకుపోయిందంటే సిగ్నల్ వైరు తెగిందని మొదట అనుమానించాలి. అలా చూస్తూనే వైరింగ్‌ని అక్కడక్కడా చేత్తో కదపండి, అంకె ఉలిక్కిపడిన చోటే జబ్బు.

హీటర్ కోడ్ అయితే మల్టీమీటర్ చాలు. ఇంజిన్ చల్లారాక కప్లర్ విప్పండి. సెన్సర్ వైపు నాలుగు వైర్లలో సాధారణంగా ఒకే రంగువి రెండుంటాయి, అవే హీటరువి. వాటి మధ్య కొద్ది ఓమ్స్ చూపిస్తే హీటర్ బతికే ఉంది, అసలేమీ చూపించకపోతే సెన్సరో దాని తోకో (సెన్సర్‌తో వచ్చే వైరు) పోయినట్టు. తర్వాత కీ ఆన్ చేసి బండి వైపు కప్లర్‌లో హీటర్ పిన్నుకి 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. రాకపోతే ముందు ఫ్యూజు. ఫ్యూజు పోయిన బండికి కొత్త సెన్సర్ వేయించుకుని, లైటు ఆరలేదని షాపులో గొడవపడేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, వైరు తెగింది, ఏం చేయాలి? మెలితిప్పి నల్ల టేపు చుట్టడం గురించి చెప్పేదేం లేదు, ఆ వేడికి టేపు జిగురు కారిపోతుంది. సోల్డరింగా (టంకం పోసి అతకడం), క్రింపింగా (చిన్న లోహపు గొట్టంలో రెండు కొసలూ పెట్టి నొక్కడం) అన్నది తెగింది కప్లరుకి ఏ వైపో దాన్ని బట్టి ఉంటుంది. బండి వైపు వైరైతే మంచి సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకుని వైరుకి అతుక్కునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి, ఏ బాధా లేదు. సెన్సర్ నుంచి కప్లర్ దాకా ఉండే తోక అయితే మాత్రం టంకం జోలికి పోవద్దు. సెన్సర్ ఒకవైపు సైలెన్సర్‌లోని పొగని, ఇంకోవైపు బయటి గాలిని పోల్చి వోల్టేజి పుట్టిస్తుంది. ఆ బయటి గాలి చాలా సెన్సర్లకి వైరు లోపలి పోగుల సందుల్లోంచే అందుతుంది. టంకం కరిగి ఆ సందుల్లోకి పీల్చుకుపోతే దారి మూసుకుపోతుంది, లోపల గాలి తగ్గి వోల్టేజి పడిపోతుంది, ఇంజిన్‌కి పెట్రోలు చాలడం లేదనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంకాస్త పోస్తుంది. జాయింట్ చూడ్డానికి అద్దంలా ఉంటుంది, మైలేజీ మాత్రం పడిపోతుంది. కప్లర్‌లో గ్రీజు దట్టించినా ఇదే గొడవ. పైగా ఈ తోకల్లో చాలావాటికి స్టీలు పోగులుంటాయి, టంకం సరిగ్గా పట్టదు కూడా. అందుకే అక్కడ క్రింపింగే, అదీ కటింగ్ ప్లేయరుతో నొక్కేయడం కాదు, క్రింపింగ్ టూలుతో, నాలుగు జాయింట్లూ ఒకే చోట పడకుండా ముందూ వెనకా వచ్చేలా, పైన స్లీవుతో.

నన్నడిగితే తోక మధ్యలో తెగి, సెన్సర్ మరీ పాతది కాకపోతే క్రింప్ చేయండి. సెన్సర్ మొదట్లోనే కరిగితే, లేదా వైరు తొడుగు వంచగానే పెళుసుగా విరుగుతుంటే అతకడం దండగ, కొత్తదే వేయండి. కొనేటప్పుడు కప్లరుతో సహా వచ్చే మీ బండి మోడల్‌దే తీసుకోండి. కప్లర్ లేకుండా వచ్చే యూనివర్సల్ సెన్సర్ కాస్త చవకే కానీ మళ్లీ నాలుగు జాయింట్లు వేయాల్సిందే, రంగులు కూడా కంపెనీని బట్టి మారతాయి, ఒకదాంట్లో తెల్ల వైర్లు హీటరువైతే ఇంకోదాంట్లో నల్లవి. ఐదారు వైర్లున్న వైడ్‌బ్యాండ్ సెన్సర్ (ఆక్సిజన్‌ని ఇంకా కచ్చితంగా కొలిచే రకం) అయితే కప్లర్ అసలు కోయొద్దు, ఆ సెన్సర్ రీడింగ్‌ని సరిచేసే క్యాలిబ్రేషన్ రెసిస్టర్ చాలావాటిలో కప్లర్ లోపలే ఉంటుంది.

ఇక పెద్ద డీజిల్ లారీల లెక్క వేరు. బీఎస్6 (కాలుష్య ప్రమాణం) లారీలో నాక్స్ సెన్సరుకి (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచేది), దాని కంట్రోల్ డబ్బాకి మధ్య కేబుల్ తెగితే అతికేది లేదు, మొత్తం సెట్టు మార్చాల్సిందే. అక్కడ కరెంటు సాధారణంగా 24 వోల్టులు, 12 వోల్టుల డాంగిల్ తీసుకెళ్లి దాంట్లో గుచ్చకండి.