పాత కంపెనీకి సపోర్ట్ చేస్తే గంట రేటు మేలా, నెలకింత అని మేలా?

ఉద్యోగం మారిన ఫ్రెండ్స్ అందరూ ఈ మధ్య ఇదే అడుగుతున్నారు, పాత ఆఫీసువాళ్ళు "అప్పుడప్పుడు కాస్త చూసిపెట్టు" అంటున్నారు, ఎంత చెప్పాలి అని. నేను ఆరు నెలలు గంటల లెక్కన చేశా, ఇప్పుడు నెలకింత అని చేస్తున్నా.

గంట రేటులో అందరూ చేసే తప్పు పాత జీతాన్ని గంటలతో భాగించడం. నెలకి లక్ష, 160 గంటలు, అంటే 625. కానీ అప్పుడు పీఎఫ్ కంపెనీ కట్టేది, ఇన్సూరెన్స్ ఉండేది, సెలవు పెట్టినా జీతం వచ్చేది, ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో సహా అన్నీ మనవే. అందుకే కనీసం 1500 అడగమంటా. హ్యాండోవర్ లాంటి ఒక్కసారి పనికైతే గంటలే మేలు, లెక్క తేలిగ్గా తెగిపోతుంది.

రోజువారీ సపోర్ట్ అలా కాదు. ఒక నెలాఖరున రాత్రి 9:40కి కంచంలో అన్నం పెట్టుకున్నా, శాలరీ ఫైల్ బ్యాంకుకి వెళ్ళట్లేదని ఫోను. ఆ ఫైల్ పంపే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) రాసింది నేనే, వినగానే అర్థమైపోయింది, కొత్తగా చేరినతని ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఖాళీగా వదిలేశారు. 12 నిమిషాల్లో అయిపోయింది, బిల్లు 300. అదే కొత్తవాళ్ళైతే రెండు రోజులు వెతికి పాతికవేలు వేసేవాళ్ళు. నాలుగేళ్ళు దాంతోనే కూర్చున్నందుకు నాకు తక్కువొచ్చింది, పైగా ఆ వారమంతా ఫోను పక్కనే పెట్టుకుని ఉన్నదానికి లెక్కే లేదు. నా దృష్టిలో అసలు అమ్మేది ఆ అందుబాటే, పని కాదు.

ఇప్పుడు నెలకి 15 వేలు, అందులో 8 గంటలు, దాటితే గంటకి 2000. వాడుకోని గంటలు పక్క నెలకి రావని మెయిల్‌లో రాయించుకోండి, లేదంటే అన్నీ పోగేసి మార్చిలో ఒకేసారి అడుగుతారు.

టికెట్‌కింత, అంటే వాళ్ళు చెప్పే ఒక్కో సమస్యకింత అనేది వద్దు, ఏది ఒక టికెట్టో తేలదు. మొహమాటానికి ఫ్రీగా అసలే వద్దు.

ఏ పద్ధతైనా ప్రొఫెషనల్ ఫీజు ఏడాదికి 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుంటారు, రిటర్న్‌లో చూపించుకోవచ్చు, దానికి భయపడి రేటు తగ్గించొద్దు. కొత్త ఉద్యోగంలో ఉంటే బయటి పని గురించి ఆఫర్ లెటర్‌లో ఏముందో ముందే చూసుకోండి.

మా పాత మేనేజర్ గారు 15 వేల మీద పెద్దగా బేరమాడలేదు, శనివారం కూడా ఫోను ఎత్తుతావా అని మాత్రం అరగంట అడిగారు. మధ్యాహ్నం రెండు వరకు ఒప్పుకున్నా.