రెండు కంటే ఒకటే గట్టిది: ఆరేళ్లు ఎస్‌క్యూలైట్ వాడాక

ఎస్‌క్యూలైట్ (ప్రోగ్రామ్‌లోనే కలిసి నడిచే చిన్న డేటాబేస్ లైబ్రరీ) మీద నాకున్న కోపమంతా ఒక అంకె మీదే. థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల) విషయంలో దాన్ని మూడు రకాలుగా కంపైల్ చేయొచ్చు, ఏ రకమో చెప్పేదే ఆ థ్రెడ్‌సేఫ్ అంకె. 0 అంటే లోపల మ్యూటెక్సులే (ఒకరి పనిలో ఇంకొకరు చొరబడకుండా ఆపే తాళాలు) ఉండవు. 1 అంటే సీరియలైజ్డ్, ఒకే కనెక్షన్‌ని (తెరిచి ఉంచిన డేటాబేస్‌ని) ఎన్ని థ్రెడ్లు పట్టుకున్నా అదే చూసుకుంటుంది. 2 అంటే థ్రెడ్లు ఉండొచ్చు గానీ, ఒక కనెక్షన్‌ని ఒకేసారి ఇద్దరు ముట్టుకోకూడదు. అంటే 1 కంటే 2కి రక్షణ తక్కువ! ఈ వరస ఎవరికి తోచిందో గానీ నాకు నెల రోజులు నిద్ర లేదు.

మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ గదుల్లో ఉష్ణోగ్రతలు రాసుకునే చిన్న పెట్టె. ఒక థ్రెడ్ సెన్సార్లు చదివి రాస్తుంది, ఇంకోటి వాటిని సర్వర్‌కి పంపి, పంపినట్టు గుర్తు పెడుతుంది. కనెక్షన్ మాత్రం ఇద్దరికీ ఒకటే. మొదట్లోనే ఆ అంకె చెప్పే థ్రెడ్‌సేఫ్ ఫంక్షన్‌ని అడిగి, సున్నా రాకపోతే చాలనుకుని ముందుకెళ్లేలా రాశాను. నా ల్యాప్‌టాప్‌లో 1 వచ్చేది. పెట్టెలోని బోర్డుతో పాటు వచ్చిన లైబ్రరీలో అది 2. నా కోడ్‌కి రెండూ ఒకటే.

పెట్టె వారానికోసారి ఉన్నట్టుండి క్రాష్ అయి ఆగిపోయేది. ల్యాప్‌టాప్‌లో రోజుల తరబడి తిప్పినా ఏమీ కాదు. కరెంటు హెచ్చుతగ్గులే అనుకుని ఓనరు గారితో స్టెబిలైజర్ కొనిపించాం. (అసలు సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.) మెమరీ కార్డు మార్చాం. చివరికి ఓ రాత్రి బోర్డు మీదే ప్రాగ్మా కంపైల్ ఆప్షన్స్ అనే ఆదేశం కొట్టి చూస్తే, థ్రెడ్‌సేఫ్ పక్కన 2 కనిపించింది.

సెట్టింగులు మార్చే కాన్ఫిగ్ ఫంక్షన్‌తో సీరియలైజ్డ్‌కి మార్చి హాయిగా పడుకున్నాను. మళ్లీ క్రాష్. తీరా చూస్తే ఆ ఫంక్షన్ 21 ఇస్తోంది, అంటే మిస్‌యూజ్, తప్పుగా వాడావని. నేను ఆ విలువ చూడనే లేదు. లైబ్రరీ ఒకసారి ఇనిషియలైజ్ అయ్యాక (పని మొదలెట్టాక) ఆ మాట వినదు, మా లాగింగ్ మాడ్యూల్ అప్పటికే ఒక డేటాబేస్ తెరిచేసింది. పోనీ థ్రెడ్‌సేఫ్ ఫంక్షన్‌ని అడుగుదామంటే, అది కంపైల్ నాటి అంకెనే చెబుతుంది తప్ప తర్వాత మనం ఏం మార్చామో చెప్పదు.

దారి చూపింది డేటాబేస్ తెరిచే ఓపెన్ వీ2 ఫంక్షన్‌లోని ఫుల్‌మ్యూటెక్స్ ఫ్లాగ్. కంపైల్ 2తో అయినా మ్యూటెక్సులు లోపల ఉంటాయి కాబట్టి ఆ ఒక్క కనెక్షన్‌కి సీరియలైజ్డ్ దొరుకుతుంది. (0తో అయ్యుంటే మళ్లీ కంపైల్ చేసుకోవడమే గతి.) దొరికిందో లేదో చూడటానికి డీబీ మ్యూటెక్స్ అనే బుజ్జి ఫంక్షన్ ఉంది. నల్ (ఖాళీ) వస్తే తాళం లేనట్టే. ఇది చూశాక నా కోపం సగం దిగింది.

క్రాష్‌లైతే ఆగాయి. కానీ ఆ తాళం ఒక్కో ఫంక్షన్ కాల్‌కే, ట్రాన్సాక్షన్‌కి (మొత్తంగా జరగాల్సిన లేదా మొత్తంగా రద్దవ్వాల్సిన పనుల గుంపుకి) కాదు. పంపే థ్రెడ్ ట్రాన్సాక్షన్ బిగిన్ చేసి రోల్‌బ్యాక్ (రద్దు) కొడితే, మధ్యలో సెన్సార్ థ్రెడ్ రాసినవీ దాంతో పాటే పోయాయి. లాస్ట్ ఇన్సర్ట్ రోఐడీ (చివరగా చేర్చిన వరస నంబరు) కూడా ఒక్కోసారి పక్కవాడిది వచ్చేది. ఇప్పుడు థ్రెడ్‌కో కనెక్షన్ ఇచ్చి, వాల్ మోడ్ (మార్పుల్ని ముందు వేరే లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతి) పెట్టి, బిజీ టైమౌట్ (డేటాబేస్ ఖాళీ అయ్యేదాకా ఆగే సమయం) 5 సెకన్లు చేశాను. దాని డిఫాల్ట్ సున్నా, అలా వదిలేస్తే డేటాబేస్ లాక్ అయిందంటూ వెంటనే ఎర్రరే.

మాకు నిమిషానికి డేటాబేస్‌లో చేరేవి పది పన్నెండు వరసలే, కాబట్టి హాయిగా నడుస్తోంది. వాల్‌లోనైనా ఒకసారికి రాసేది ఒక్కరే గనక, రాతలు జోరుగా ఉన్నవాళ్లకి నేను ఇదే వాడమని చెప్పలేను. మా ప్రోగ్రామ్ మాత్రం ఇప్పుడు 0 వస్తే మొదలే కాదు, 1 వచ్చినా 2 వచ్చినా ఏది వచ్చిందో లాగ్‌లో మొదటి లైన్‌గా రాసుకుంటుంది.