"రన్నింగ్ పెయిర్" అంటే నమ్మకుండ్రి: కానరీలు కొనేటోళ్లకు జాగ్రత్త

హన్మకొండ, కాజీపేట దిక్కు కానరీలు (పంజరంల పెంచుకునే పాటల పిట్టలు) కొందామనుకునేటోళ్లు పైసలు తీసే ముందు ఇది చదువుండ్రి.

సంక్రాంతి పోయిన వారానికి హన్మకొండల ఒక పిట్టల దుకాణంల 6,500 ఇచ్చి పసుపు కానరీల జత తెచ్చిన. "రన్నింగ్ పెయిర్ అన్నా, అంటే గుడ్లు పెట్టి పిల్లలు తీస్తున్న జత, ఈ సీజన్ల ఇప్పటికే రెండుసార్లు పిల్లలు తీసింది" అన్నడు దుకాణపాయన. మగది పాడుతదా అంటే, పదిహేను పంజరాలు ఒక్కతీరుగ మోగుతున్న కాడ ఒకదాన్ని చూపెట్టి "గదే" అన్నడు. తల ఊపి తెచ్చుకున్న.

ఇంటికొచ్చినంక రెండూ గప్‌చుప్. ఫోన్ చేస్తే కొత్త జాగ, అలవాటు కావాలె అన్నడు. పది రోజులకు గిన్నె గూట్ల గుడ్డు పడ్డది, ఇంట్ల అందరం సంబురపడ్డం. మూడో పొద్దు చూస్తే ఒక్కనాడే కొత్తయి రెండు! కానరీ రోజుకు ఒక్కటే పెడుతది, మామూలుగ నాలుగైదుకు ఆపుతది. మా గూట్ల ఎనిమిదయినయ్. వారం ఆగి చీకట్ల టార్చి పెట్టి చూస్తే ఒక్కదాంట్ల ఎర్ర నరం లేదు, అంటే లోపల పిల్ల లేదు. రెండూ ఆడియే.

ఇగ ఆ తర్వాతి తప్పు నాది. గుడ్లన్నీ తీసి పారేసిన. గూడు ఖాళీ అయితే పిట్ట మళ్ల మొదలుపెడుతది. పనికిరాని గుడ్లయినా ఆ పద్నాలుగు రోజులు పొదగనియ్యాలె, లేకుంటే ప్లాస్టిక్ గుడ్లు పెట్టాలె. విసుగొచ్చి అదే లేస్తది, ఆ లోపల ఒంటికి రెస్టు దొరుకుతది. మాయి వారానికే మళ్ల పెట్టుడు షురూ చేసినయ్.

అసలు ఆ దుకాణంల రాత్రి పదకొండు దాకా ట్యూబులైట్లు. పగటి వెలుగు పెరిగితేనే కానరీ గుడ్లకు వస్తది, 14 గంటలుంటే చాలు. లైటు ఆర్పకుంటే కాలం అయిపోయిందని దానికెట్ల తెలుస్తది? ఏడాదికి రెండు విడతలు, మహా అంటే మూడు. అంతకు మించితే ఒంట్ల కాల్షియం అంత గుడ్డు పెంకులకే పోతది.

మార్చిల ఒకటి ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూసున్నది. తోక ఒక్కటే కొట్టుకుంటున్నది. గుడ్డు బయటికి రాక లోపల అడ్డంపడ్డది. బల్బు వేడి పెట్టి రాత్రంత కూసున్నం, తెల్లారేసరికి పోయింది. పంజరంల కటిల్‌బోన్ ముక్క (కాల్షియం కోసం పిట్టలు గీకి తినే సముద్రజీవి ఎముక) మొదటి రోజు నుంచే ఉండాలట, అటెన్క తెలిసింది.

కొనేటప్పుడు మగదాన్ని ఒక్కదాన్నే వేరే గదిల పెట్టించి వినుండ్రి. గంటయినా ఆగుండ్రి. ఆడది చిన్నగ చిర్రుమంటది గని, గొంతు ఉబ్బించి సాగదీసి పాడేది మగదే. సీజన్ల పొత్తికడుపు కింది ఈకలు ఊది చూస్తే మగదానికి మొన తేలి ఉంటది, ఆడదానికి చదునుగ ఉంటది. రెండు విడతలు అయినయని అమ్మెటోడే గొప్ప చెప్తే, అది ఈ ఏడు ఇంక గుడ్లు పెట్టొద్దని అర్థం.

మొన్న అదే దుకాణం ముందట నుంచి పోయిన. అదే పంజరంల ఇంకో జత. ఈసారి మూడుసార్లు పిల్లలు తీసిందట.