బాంకాక్‌లో అమ్మతో ఐదు రాత్రులు: మూడు మామూలు హోటల్లో, రెండు దుసిత్ థానీలో

2025 దసరా సెలవుల్లో అమ్మని తీసుకుని బాంకాక్ వెళ్ళొచ్చాను, మేమిద్దరమే. అమ్మ ముప్పై ఏళ్ళు తెలుగు టీచర్‌గా చేసి రిటైరైంది, విదేశం వెళ్ళడం ఇదే మొదటిసారి, మోకాళ్ళ నొప్పులున్నాయి, కోడిగుడ్డు కూడా ముట్టదు. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే హోటల్ గురించి నేను రాసేదంతా అలాంటి మనిషిని పక్కన పెట్టుకుని చూసిన చూపు, ఫ్రెండ్స్‌తో వెళ్ళి రాత్రి రెండింటికి రూమ్‌కి వచ్చేవాళ్ళకి లెక్క వేరేగా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ మూడున్నర గంటల చిల్లర. మేం వెళ్ళినప్పుడు మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, కానీ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ ముందే ఆన్‌లైన్‌లో నింపాలి, అది పూర్తిగా ఫ్రీ, డబ్బులు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వ సైట్ కాదని అర్థం, వెంటనే మూసేయండి.

మొదటి మూడు రాత్రులు సుఖుంవిత్ వైపు ఒక మామూలు హోటల్లో ఉన్నాం. పేరు రాయను. రెండు మంచాల రూమ్ బుక్ చేస్తే ఒకటే మంచం ఇచ్చారు, అడిగితే రేపు చూస్తాం అన్నారు, ఆ రేపు మూడు రోజులూ రాలేదు. సిటీ వ్యూ అని రాశారు, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ ఏసీల వెనక వైపు. బాత్రూమ్‌లో మెట్టు ఒకటి ఎత్తుగా ఉంది, అమ్మ ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని దిగాల్సి వచ్చింది, నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే. కానీ పగలంతా బయటే తిరిగాం కాబట్టి మూడు రోజులూ గడిచిపోయాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం దుసిత్ థానీ అనే లగ్జరీ హోటల్‌కి మారాం. దీన్ని కొత్త హోటల్ అనాలో పాత హోటల్ అనాలో తెలీదు. 1970లో చనుత్ పియావుయి అనే ఆవిడ ఇదే చోట దుసిత్ థానీ కట్టించింది, అప్పట్లో బాంకాక్‌లో ఇదే ఎత్తైన బిల్డింగ్, ఇరవై మూడు అంతస్తులు. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి అంత పెద్ద హోటల్ నిలబెట్టిందంటే అమ్మ చాలాసేపు దాని గురించే మాట్లాడింది. 2019 జనవరిలో మూసి, పడగొట్టి, మళ్ళీ 39 అంతస్తుల్లో కట్టి 2024 సెప్టెంబర్ 27న తెరిచారు. పాతదాంట్లో 500 పైన గదులుంటే ఇప్పుడు 257 మాత్రమే, అన్నీ ఎదురుగా ఉన్న లుంపినీ పార్క్ వైపే చూస్తాయి. పాత హోటల్ నెత్తిన బంగారు రంగు శిఖరం ఒకటి ఉండేది, ఊళ్ళో వాళ్ళందరికీ అది గుర్తు, దాన్ని పారేయకుండా దించి, కొత్త బిల్డింగ్ పైన గాజు శిఖరం కట్టి దాని లోపల పెట్టారు. రాత్రి పార్క్ వైపు నుంచి చూస్తే వెలుగుతూ కనిపిస్తుంది. మన దగ్గర పాత బిల్డింగ్ కూలిస్తే గుర్తుకి ఒక ఇటుక కూడా మిగలదు, హైదరాబాద్‌లో అలా పోయినవి ఎన్ని చూశామో.

పేరు బోర్డు చూడగానే అమ్మ ఆగిపోయింది. "ఇది తుషిత ధానే కదే" అంది. తుషితం అంటే బుద్ధుడు భూమ్మీదకి రాకముందు ఉన్న స్వర్గం, ధాని అంటే మన రాజధానిలో ఉన్న ధానే. రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగితే అవును, స్వర్గంలో ఉన్న ఊరు అని అర్థం అంది, ఆరో రామ అనే థాయ్ రాజు 1918లో కట్టుకున్న చిన్న బొమ్మల నగరానికి కూడా ఇదే పేరని చెప్పింది, ఆ రాజు విగ్రహం ఎదురుగా పార్క్ గేట్ దగ్గరే ఉంది. ఆయన పేరు వజిరావుధ్. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి "వజ్రాయుధుడు" అంది. ఇంక అక్కడి నుంచి ఆవిడని ఆపలేకపోయాను, ఎయిర్‌పోర్ట్ పేరు సువర్ణభూమి, లుంపినీ అంటే లుంబిని, ఏరావణ్ అంటే ఐరావతం, సవద్దీ అంటే స్వస్తి, ప్రతి బోర్డూ చదివించుకోవడమే. ఆ రిసెప్షన్ అమ్మాయి కూడా విసుక్కోకుండా పక్కన కూర్చుని ఒక్కో పేరు థాయ్‌లో ఎలా పలుకుతారో చెప్పింది, చెక్-ఇన్ నలభై నిమిషాలు పట్టింది, అందులో ముప్పై మా కబుర్లే.

రూమ్ విషయానికొస్తే, చిన్న రూమే 50 చదరపు మీటర్ల పైన, అంటే దాదాపు 540 చదరపు అడుగులు. సైజు కంటే నాకు నచ్చింది కిటికీ, దాని పక్కన కూర్చునే చోటు. అమ్మ వచ్చిన దగ్గర్నుంచి అక్కడే. కింద పార్క్ అంతా పచ్చగా, మధ్యలో చెరువు, దాని చుట్టూ ఊరు, వాన మొదలైతే ఆ చివర బిల్డింగ్‌లు ఒక్కొక్కటీ మాయమై వాన మన వైపు నడిచొస్తున్నట్టు కనిపిస్తుంది. నేను ముందే మెయిల్ రాశాను, అమ్మకి మోకాళ్ళు బాలేవు, షవర్‌లో కూర్చోడానికి ఏమైనా కావాలి అని. వెళ్ళేసరికి స్టూల్ వేసి ఉంది, కింద జారకుండా మ్యాట్ ఉంది, మళ్ళీ అడగాల్సిన పని లేదు. లగ్జరీ హోటల్ అంటే మార్బుల్ అనుకుంటాం, నాకైతే మెయిల్‌లో రాసిన ఒక్క లైన్ ఎవరో చదివి, గుర్తుపెట్టుకుని, స్టూల్ తెచ్చి వేశారు చూడండి, డబ్బు దానికి ఇచ్చాననుకున్నాను.

డబ్బు అన్నాను కాబట్టి చెప్పేస్తా. వానాకాలం కాబట్టి రేటు తగ్గింది, అయినా రెండు రాత్రులకి బ్రేక్‌ఫస్ట్‌తో, టాక్స్‌లతో కలిపి 80 వేల రూపాయలు దాటింది. మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు, రెండేళ్ళుగా విడిగా దాచినది. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది రేటు పక్కన ఉండే రెండు ప్లస్ గుర్తుల దగ్గర. బాంకాక్‌లో పెద్ద హోటళ్ళు, రెస్టారెంట్లు చూపించే రేటు మీద 10 శాతం సర్వీస్ చార్జ్, ఆ మొత్తం మీద మళ్ళీ 7 శాతం వ్యాట్ పడుతుంది, అంటే 10,000 బాట్ అని ఉంటే మీరు కట్టేది 11,770. మేం వెళ్ళినప్పుడు బాట్ 2 రూపాయల 75 పైసల దగ్గర ఉంది. దానికి తోడు చెక్-ఇన్‌లో కార్డు మీద డిపాజిట్ బ్లాక్ చేస్తారు, ఫారెక్స్ కార్డులో సరిగ్గా లెక్కేసి డబ్బు పెట్టుకుంటే అది బ్లాక్ అయిపోయి తర్వాత టీ తాగడానికి కూడా ఉండదు, డిపాజిట్‌కి క్రెడిట్ కార్డ్ ఇవ్వండి.

తిండి సంగతి. బాంకాక్‌లో శాకాహారం దొరకదని కాదు, దొరికినట్టే దొరికి అందులో చేపల సాస్ ఉంటుంది, నామ్ ప్లా అంటారు, రొయ్యల ముద్ద కూడా చాలా పచ్చళ్ళలో, కూరల్లో కలిపేస్తారు. శాకాహారానికి వాళ్ళ మాట మంగ్సవిరత్, అది మాంసవిరతి అని అమ్మే చెప్పింది. కానీ ఆ మాట కంటే "జే" అనే మాట బాగా పనిచేస్తుంది, పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉంటుంది, అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. మొదటి మూడు రోజులు మేం వీటి మీద, పళ్ళ మీద, తెచ్చుకున్న చపాతీల మీద బతికాం. దుసిత్‌లో మొదటి రోజు పొద్దున బ్రేక్‌ఫస్ట్‌కి వెళ్తే అమ్మ పళ్ళు, బ్రెడ్ తప్ప ఏం పెట్టుకోలేదు. అది చూసి ఒకతను వచ్చి ఏం తింటారు, ఏం తినరు అని అడిగి వెళ్ళాడు, పావుగంటలో జావలాంటి అన్నం వచ్చింది, ఖావ్ తోమ్ అంటారు, మామూలుగా మాంసం నీళ్ళతో వండుతారట, దీన్ని మంచినీళ్ళతో విడిగా వండామని చెప్పాడు. అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గోంగూర పచ్చడి సీసా తీసింది. నాకు ఒక్క క్షణం మొహమాటం వేసింది కానీ అతను చిన్న గిన్నె, స్పూన్ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు. రెండో రోజు మేం కూర్చోగానే అడక్కుండానే అన్నమూ, ఖాళీ గిన్నే వచ్చాయి.

పొద్దున్నే పార్క్‌కి వెళ్ళండి, ఈ హోటల్లో దిగి అది చెయ్యకపోతే సగం డబ్బు వృథా. రోడ్డు దాటితే చాలు, నాలుగున్నరకే తెరుస్తారు, దాదాపు 140 ఎకరాలు. ముసలివాళ్ళు గుంపులు గుంపులుగా తాయ్ చీ చేస్తుంటారు, చెరువు గట్టు మీద ఉడుములు, మన ఉడుముల్లాంటివే కానీ మొసలి పిల్లలంత సైజు, ఎవరి జోలికీ పోకుండా రోడ్డు దాటి వెళ్ళిపోతుంటాయి. ఎనిమిదింటికి జాతీయగీతం వేస్తారు, పరిగెత్తేవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. అమ్మ బెంచీ మీద నుంచి లేచి నిలబడింది, నొప్పి ఉన్నా.

చూసిన చోట్లలో ఎక్కువ టైమ్ పెట్టాల్సింది గ్రాండ్ ప్యాలెస్. 500 బాట్ టికెట్, ఎండ ముదరకముందే వెళ్ళాలి, భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు తప్పనిసరి. అందరూ మరకత బుద్ధుడి కోసం క్యూ కడతారు, ఆ విగ్రహం 66 సెంటీమీటర్లే, దూరం నుంచి చూసి వచ్చేస్తాం. మేం రెండు గంటలు గడిపింది దాని చుట్టూ ఉన్న గోడల దగ్గర, 178 బొమ్మల్లో రామాయణం మొత్తం వేశారు. వాళ్ళది రామకియన్, రావణుడు దశకంఠుడు, దాన్ని తొసకాన్ అంటారు, హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కాదు, దశకంఠుడి కూతురు సువర్ణమత్స్యని ప్రేమిస్తాడు. అమ్మకి ఇది నచ్చదేమో అనుకున్నా, ఆవిడ మాత్రం "ఎవరి హనుమంతుడు వాళ్ళవాడు" అని ఆ బొమ్మ ముందే చాలాసేపు నిలబడింది. గేట్ బయట ఒకతను ఈరోజు ప్యాలెస్ మూసేశారు, నేను వేరే గుడికి తీసుకెళ్తా అంటాడు, వినకుండా నేరుగా టికెట్ కౌంటర్‌కి నడవండి. నది అవతల ఉన్న వాట్ అరుణ్ గుడికి థా తియెన్ రేవు నుంచి పడవ 5 బాట్.

హోటల్ ఉన్న చోటు గురించి నిజాయితీగా చెప్పాలంటే ఇక్కడి నుంచి నది కనిపించదు, నది ఒడ్డున హోటల్ కావాలనుకునేవాళ్ళకి ఇది కాదు. కానీ పక్కనే సీలోమ్ మెట్రో స్టేషన్, ప్యాలెస్ దగ్గరి సనామ్ చాయ్‌కి నేరుగా రైలు, సలాదేంగ్‌లో స్కైట్రైన్, ఈ రెండిటికీ కలిసి ఉన్న సెంట్రల్ పార్క్ మాల్ 2025 సెప్టెంబర్‌లోనే తెరిచారు. సాయంత్రం వానలో ట్రాఫిక్ కదలదు, ఒక టాక్సీవాడు మీటర్ వెయ్యను 600 ఇవ్వు అంటే దిగిపోయి మెట్రో ఎక్కాం, ఇరవై నిమిషాల్లో రూమ్‌లో ఉన్నాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో వెళ్తే నది వ్యూ కంటే స్టేషన్‌కి లిఫ్ట్ ముఖ్యం.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా, ఖరీదైన హోటల్‌ని మొదట పెట్టుకోకండి. మొదట్లో ఊరు చూడాలనే తొందర ఉంటుంది, అంత డబ్బు పోసి తీసుకున్న రూమ్‌కి నిద్రకి మాత్రమే వస్తాం. కాళ్ళు అలిసిపోయాక చివర్లో పెట్టుకుని, ఆ రెండు రోజులూ ప్లాన్ ఏమీ లేకుండా ఉండండి. మేం చివరి రోజు చేసిన పని ఒకటే, సీలోమ్ రోడ్డు మీద ఉన్న మారియమ్మన్ గుడికి వెళ్ళడం. వందేళ్ళ కంటే ముందే ఎప్పుడో తమిళులు కట్టుకున్న గుడి, థాయ్‌వాళ్ళు వాట్ ఖేక్ అంటారు, నవరాత్రులు కదా, జనం కిటకిటలాడుతున్నారు, అందులో ఎక్కువ మంది థాయ్‌వాళ్ళే, బంతిపూల దండలు, కొబ్బరికాయలు పళ్ళాల్లో పెట్టుకుని కుర్రాళ్ళు, ఆఫీస్ బట్టల్లో అమ్మాయిలు. అమ్మ వాళ్ళ మధ్యలో నిలబడి లలితా సహస్రనామం మెల్లగా చదువుకుంది, పక్కనున్న అమ్మాయి అర్థం కాకపోయినా చేతులు జోడించి వింది.

విజయదశమి రాత్రి అమ్మవారిని రథం మీద సీలోమ్ రోడ్డంతా ఊరేగిస్తారట, ట్రాఫిక్ మొత్తం ఆపేస్తారట. మా ఫ్లైట్ దానికి ముందు రోజు. టికెట్ రెండు రోజులు ఆలస్యంగా వేసుకోవాల్సింది, బుక్ చేసేటప్పుడు క్యాలెండర్‌లో మన పండగ చూసుకున్నాను గానీ వాళ్ళ ఊళ్ళో కూడా అదే పండగ ఉంటుందని నాకు తట్టలేదు.