చరిత్ర పాఠానికి ఏది మేలు: రాజుల వరుసా, కథా, శాసనమా?

కాకతీయుల పాఠాన్ని పిల్లలకు మూడు విధాలుగా చెప్పవచ్చు. రెండో ప్రోలరాజు, రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు అంటూ వరుస పట్టుకుని 1323లో ఓరుగల్లు పతనం దాకా నడిపించడం ఒకటి. రుద్రమదేవి జీవితాన్ని కళ్లకు కట్టేలా కథగా చెప్పడం రెండోది. ఒక శాసనాన్ని ముందు పెట్టి, అందులో ఏమున్నదో పిల్లలచేతే రాబట్టి, అక్కడినుంచి మిగతా పాఠంలోకి వెళ్లడం మూడోది. ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించిన కాలంలో నేను మూడింటినీ ప్రయత్నించాను. శాసనంతో మొదలుపెట్టిన సంవత్సరాల్లోనే పిల్లలు పాఠం అయిపోయాక కూడా నా వెంటపడి ప్రశ్నలు అడిగారు.

రాజుల వరుసను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కాలక్రమం పట్టుబడని పిల్లవాడికి గణపతిదేవుడూ కృష్ణదేవరాయలూ ఒకే కాలంవాళ్లలా కనబడతారు, వాళ్ల మధ్య దాదాపు మూడు వందల ఏళ్ల దూరం ఉందన్న స్పృహే కలగదు. అయితే వరుసతోనే పాఠం మొదలైతే అది ఎక్కాలు అప్పజెప్పడంగా మారి, పరీక్ష రాసి వచ్చిన సాయంత్రానికే మరుపున పడుతుంది.

కథకు ఆ లోపం లేదు. కథ మొదలవగానే తరగతి నిశ్శబ్దమవుతుంది, వెనక బల్ల మీద కూర్చున్నవాడు కూడా తలెత్తి వింటాడు. చాలామందికి చరిత్రపై ప్రేమ పుట్టేది ఇక్కడే కనుక నేను కథను ఎప్పుడూ వదులుకోలేదు. కానీ కథ చెప్పేవాడికి ఖాళీలు నచ్చవు. తిరుగుబాటు చేసిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరులో రుద్రమదేవి రణరంగంలోనే నేలకొరిగిందని చెప్పినప్పుడు, అది చరిత్రకారులు ఆధారాలను కూర్చి చేసిన ఊహ అని పిల్లలకు తెలియదు. కళ్లారా చూసినవాళ్లెవరో రాసిపెట్టారనే అనుకుంటారు.

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన శాసనాన్ని చూపిస్తే ఈ తేడా ఒక్క పీరియడ్‌లో తెలిసిపోతుంది. అక్కడి సోమనాథదేవుడికి పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానం చేశాడు. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారు కనుక వారి పుణ్యం కోసం ఆ దానం చేశాడు. శాసనంలోని తేదీ శక సంవత్సరం 1211. క్రీస్తుశకంలోకి మార్చడానికి దానికి 78 కలపమంటే పిల్లలు నోటు పుస్తకంలో లెక్క కట్టి 1289 అని అరుస్తారు. ఆమె మరికొన్నేళ్లు పాలించిందని అంతకుముందు చరిత్రకారులు భావించేవారని, ఈ ఒక్క రాయి ఆ లెక్కను మార్చేసిందని అప్పుడు చెబితే, ఆ మార్పును తామే చేసినంత సంబరం వాళ్ల ముఖాల్లో కనబడుతుంది. ఇక ఆమె ఎలా చనిపోయిందో రాయిలో వెతకమంటే, అది లేదు. రాణీ సేనానీ ఇద్దరి పేర్లూ కలిసి ఉండటాన్నిబట్టి యుద్ధమేమో అని ఒకరంటారు, జబ్బు కూడా కావచ్చు కదా అని మరొకరంటారు. చరిత్రకారులు చేసే పని అదే, పన్నెండేళ్ల పిల్లలు దాన్ని తమకు తెలియకుండానే చేస్తున్నారు.

కోస్తా తీరంలోని రేవు మోటుపల్లిలో ఉన్న శాసనం ఇంకా బాగా పనిచేస్తుంది. 1244లో గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయశాసనం అది. తుఫానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదిలిపెడుతున్నానని అందులో ఉంది. దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం ఈ మాట ఇస్తున్నానని కూడా ఉంది. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "లాక్కుంటే ఆ రేవుకు మళ్లీ ఓడలు రావు కదా సార్, అందుకేనేమో" అన్నది. రాజు చెప్పిన కారణాన్ని దాటి అసలు కారణం కోసం వెతకడం ఎవరూ నేర్పకుండానే ఆమెకు వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. ఒక శాసనానికి రెండు మూడు పీరియడ్లు పడతాయి, సిలబస్ ఆగదు. పైగా శాసనాలు వేయించినవాళ్లలో ఎక్కువమంది దానం చేయగల స్థోమత ఉన్నవాళ్లే కనుక, ఆ పొలం దున్నినవారి మాట వాటిలో అరుదుగానే వినబడుతుంది. ఈ సంగతి పిల్లలకు విడమరిచి చెప్పకపోతే మూడో దారి కూడా వాళ్లను తప్పుదోవ పట్టిస్తుంది.

అందుకని ఆరు, ఏడు తరగతుల్లో ప్రతి పాఠానికీ ఒక్క ఆధారాన్ని ఎంచుకుని, దానితోనే మొదలుపెట్టి, కథను దాని చుట్టూ అల్లి, రాజుల వరుసను చివర్లో గోడమీద పొడుగాటి కాగితంపై పిల్లలచేతే గీయించడం మేలని నా అభిప్రాయం. అప్పటికి 1244, 1289 అనే అంకెలు వాళ్లు తాకి చూసినవి అవుతాయి, మధ్యలో మిగిలిన ఖాళీల్లో ఎవరున్నారో వాళ్లే అడుగుతారు.