సొరంగం ఉంది, సొర లేదు

కడపలో ఈ ఎండాకాలం పెట్టిన నీటి సొరంగం ఎగ్జిబిషన్ ఎట్లుంది, పోవచ్చా అని షాపుకు వచ్చినవాళ్లు నలుగురైదుగురు అడిగారు. ఒక్కొక్కరికీ కౌంటర్ దగ్గర చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే సరిపోతుందని రాస్తున్నా. ఇంట్లో చిన్నపిల్లలుంటే పోండి. చల్లగా ఉంటుంది, చేపలు బాగున్నాయి. షార్క్ చూద్దామని మాత్రం పోవద్దు. గేటు మీద, ఆటోకు కట్టిన ఫ్లెక్సీ మీద, మైకులో అంతా షార్కే గానీ లోపల షార్క్, అదే మన సొర చేప, లేదు.

నాది మెడికల్ షాపు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సెలవు. మా అమ్మాయి రెండో కాన్పుకు వచ్చింది, ఇరవై రెండు రోజుల బాలింత. దాని పెద్దకొడుక్కి నాలుగున్నరేళ్లు. చంటిదాన్ని పడుకోనివ్వడు, ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. "నాయనా, వీణ్ని రెండు గంటలు యాడికన్నా తీసుకపో, నీకు పుణ్యముంటాది" అని అమ్మాయే తరిమింది. చెప్పులేసుకుంటుంటే లోపల్నించి మా అమ్మ కేకేసింది: "వచ్చేటప్పుడు పాల సొర దొరుకుతుందేమో చూడరా. బిడ్డకు పాలు చాలడం లేదు."

అమ్మ పుట్టిల్లు నెల్లూరు జిల్లా అల్లూరు వైపు. కడపకు కోడలుగా వచ్చి అరవై ఏళ్లు దాటినా బాలింత అంటే ఆమెకు పాల సొరే, పాలు పడతాయని పెట్టే ఒక రకం సొర చేప. మా ఇంటావిడది పులివెందుల దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలో అత్త "సొర తెప్పించమ్మా" అంటే సంతకు మనిషిని పంపి రెండు సొరకాయలు తెప్పించింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మూతి ముడుచుకుంటుంది.

సరే, ఎగ్జిబిషన్. టికెట్ మనిషికి 120. మూడేళ్లు దాటితే పిల్లలకూ అంతే. బండి పార్కింగ్ 20. గేటే ఒక పెద్ద ఫైబర్ షార్క్ నోరు, దాంట్లోంచే లోపలికి పోవాలి. పళ్లు ఒక్కోటి జానెడు. కింది వరుసలో ఒకటి విరిగితే తెల్ల సిమెంటు పెట్టి అతికించారు. అది పక్కవాటికంటే పొట్టిగా, వంకరగా, పాలపన్ను ఊడి కొత్తది మొలుస్తున్నట్టుంది. గొంతులో ఎర్రబల్బు, స్పీకర్లో గుర్రుమని శబ్దం. సొర అరవదు, అరవడానికి దానికి గొంతులో ఏమీ లేదు. ఆ శబ్దం ఏ పులిదో. మావాడు నోటి ముందు నిలబడి ఒక్కటే ఏడుపు. చివరికి చంకనెత్తుకుని కళ్లు మూసి దాటించినా.

లోపల సొరంగం బాగుంది, అబద్ధం చెప్పకూడదు. బయట నలభై రెండు డిగ్రీల ఎండలో మాడి వచ్చినవాళ్లకు ఆ నీలం వెలుగు, ఆ చల్లదనం చాలు. నడిస్తే అరవై, డెబ్బై అడుగులు ఉంటుందేమో. తల మీదుగా ఎర్రవి, తెల్లవి కోయి చేపలు పోతుంటే మావాడు ఏడుపు మరిచిపోయి నోరు తెరిచాడు. ఎర్రతోక క్యాట్‌ఫిష్ ఒకటి అడుగున ముసలి రెడ్డిగారిలా కదలకుండా కూర్చునుంది. ఆరవానాలు, మొసలి మూతి ఉండే అలిగేటర్ గార్ కూడా ఉన్నాయి. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు. చేపల మేత కిందపడి కుళ్లితే ఎంత కంపు కొడుతుందో అక్వేరియం పెట్టుకున్నవాళ్లకు తెలుసు. ఆ పని చేసేవాళ్లెవరో ఒళ్లు వంచి చేస్తున్నారు. ఈ సొరంగానికి నావి ఐదుకు నాలుగు మార్కులు.

చివర్లో విడిగా ఒక పెద్ద తొట్టి. పైన ఎర్ర బోర్డు: "షార్క్. ప్రమాదం. అద్దం తాకరాదు." అక్కడ జనం తొక్కుకుంటున్నారు. మనిషి మోచేతంత పొడుగు, బూడిదరంగు చేపలు ఏడెనిమిది గుంపుగా గిరగిరా తిరుగుతున్నాయి. ఒకాయన భార్యకు వివరించి చెబుతున్నాడు: "ఇవి పిల్లలు. పెద్దదైతే మనిషిని నిలువునా మింగుతాది." ఆమె బిడ్డను వెనక్కి లాక్కుంది. నాకు ఆ చేప ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది. కాసేపు అద్దం దగ్గర వంగి చూస్తే మూతికి మీసాలు కనిపించాయి.

సొరకు ఇట్లాంటి మీసాలేంది? అప్పుడు వెలిగింది. ప్రతి ఆదివారం మార్కెట్లో, ఐసు పలక మీద, కిలోల లెక్కన చూసే ముఖమే అది. పంగస్. మెకాంగ్ నది వైపు నుంచి వచ్చిన క్యాట్‌ఫిష్. మన కొల్లేరు చుట్టూ చెరువుల్లో టన్నులకొద్దీ పెంచుతారు. అక్వేరియం వ్యాపారంలో దానికి "ఇరిడిసెంట్ షార్క్" అని పేరు, వెన్ను మీద ఆ రెక్క చూసి ఎవరో పెట్టారు. హోటళ్లలో బోన్‌లెస్ ఫిష్ అని ఎర్రగా వేయించి, కరివేపాకు చల్లి తెచ్చే ముక్కల్లో చాలాసార్లు ఉండేది ఇదే. మనిషిని మింగుతుందన్న ఆయన ముందురోజు రాత్రి దాన్నే నంజుకుని ఉండొచ్చు.

అక్కడ నీలం టీషర్టు వేసుకున్న కుర్రోణ్ని పిలిచి "బాబూ, ఇది పంగస్ కదా" అన్నా. వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పేరు షార్కే సార్. మాకు అట్లే చెప్పి పంపుతారు." వాణ్ని ఏమంటాం? ఉప్పునీళ్లు లేకుండా ఊరూరా తిరిగే తొట్టిలో నిజం సొరను పెట్టడం ఎట్లాగూ కుదరదు, పెట్టకపోవడమే మంచిది. కానీ మైకులో అరిచి, 120 తీసుకుని, కూరచేపను పులిలా చూపించడం మోసమే. ఈ తొట్టికి సున్నా.

మీరు వెళ్తే ఒక్కటి గమనించండి. సొరకు తల పక్కన అటు ఐదు, ఇటు ఐదు చీలికలు వరుసగా కనిపిస్తాయి, కొన్ని జాతులకు ఆరూ, ఏడూ. మామూలు చేపకు మొప్పల మీద ఉండే మూత ఉండదు. ఒంట్లో ఒక్క ఎముక ఉండదు, అంతా మన చెవి డొప్పలాంటి మృదులాస్థే. చర్మం సంగతి నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. ఎండాకాలం సెలవులకు అల్లూరు పోతే మా మేనమామ సొరను తెచ్చి అరుగు మీద పెట్టి "తలకాయ నుంచి తోకకు నిమురు" అనేవాడు. నున్నగా ఉండేది. "ఇప్పుడు తోక నుంచి పైకి" అనేవాడు. ఉప్పుకాగితం! అరిచెయ్యి మండేది. ఆ చర్మంలో కంటికి కనపడని చిన్న చిన్న పళ్లుంటాయి. అమ్మమ్మ దాన్ని పసుపేసి ఉడకబెట్టి, తోలు ఒలిచి, పొడిపొడిగా చిదిమి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప, గుప్పెడు వెల్లుల్లితో పుట్టు చేసేది. బాలింతకైతే పచ్చిమిరప తీసేసి మిరియాలు. వండకముందు ఘాటు వాసన ముక్కు అదరగొట్టేది. సొర ఒంటినిండా యూరియా పెట్టుకుని సముద్రపు ఉప్పును తట్టుకుంటుందనీ, చచ్చాక అదే అమ్మోనియా అవుతుందనీ ఫార్మసీ చదివేటప్పుడు తెలిసింది.

ఆ ఊళ్లో సొరకు భయపడ్డవాణ్ని నేను చూడలేదు. సొర అంటే కూర. షార్క్ అంటే టీవీలో రక్తం. రెండూ ఒకటేనని మా షాపు కుర్రాడికి చెబితే ఇప్పటికీ నమ్మడు.

బోర్డులో "ప్రమాదం" అన్నారు కాబట్టి లెక్క చూద్దాం. అమెరికాలో ఫ్లోరిడా మ్యూజియం వాళ్లు ప్రపంచం మొత్తం షార్క్ కాట్ల లెక్క రాస్తారు. మనిషి కెలకకుండా షార్కే వచ్చి కరిచినవి 2024లో 47. అందులో చనిపోయింది నలుగురు. మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2000 నుంచి 2019 దాకా తీసిన అంచనా. శనక్కాయ పీకే రోజుల్లో చేలో చెయ్యి పెట్టేవాళ్లం మనం. భయపడితే దేనికి భయపడాలో చెప్పనక్కరలేదు. రెండోవైపు లెక్కకు మాత్రం ఎవరూ బోర్డు పెట్టరు. 2019లో మనుషుల చేతిలో చచ్చిన సొరలు 8 కోట్ల దాకా ఉంటాయని పరిశోధకుల అంచనా. 1970 నుంచి 2018 లోపల నడిసముద్రంలో తిరిగే సొరలు, వాటికి దగ్గరి చుట్టాలైన టేకు చేపలు 71 శాతం తగ్గిపోయాయి. రెక్కల సూపు కోసం కొన్ని, మాంసం కోసం కొన్ని, వేరే చేపలకు వేసిన వలల్లో చిక్కి కొన్ని. మందుల షాపువాణ్ని కాబట్టి మా వంతు కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బయటి దేశాల కాడ్ లివర్ ఆయిల్ రావడం ఆగిపోతే మద్రాసు ప్రభుత్వం కోళికోడ్‌లో సొర కాలేయం నుంచి నూనె తీయించింది. ఆ సీసాలు మా నాన్న షాపులో చివరి అరలో ఉండేవి. నేను కూడా ముక్కు మూసుకుని తాగినవాణ్నే.

ఆ ఎర్ర బోర్డు తీసి అక్కడ ఒక నిజం కథ పెట్టినా జనం నిలబడి చదివేవాళ్లు. గుజరాత్‌లో తిమింగల సొరను (వేల్ షార్క్) నూనె కోసం వందలకొద్దీ చంపేవాళ్లు. 2001లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు. 2004 నుంచి రామకథ చెప్పే మొరారీ బాపు ఊరూరా కథల్లో "ఇది కాన్పుకు పుట్టింటికొచ్చే ఆడబిడ్డ" అని చెప్పడం మొదలుపెట్టాక, చంపిన చేతులే వల కోసి వదలడం మొదలుపెట్టాయి. కోసిన వలకు ప్రభుత్వం డబ్బిచ్చేది. మన దగ్గరే 2021 డిసెంబర్లో విశాఖ పక్కన తంతడి బీచ్‌కు కొట్టుకొచ్చిన తిమింగల సొరను మళ్లీ సముద్రంలోకి పంపారు. అంత పెద్ద శరీరం, తినేది నీళ్లలో తేలే సన్నపురుగు.

బయట తిండి సంగతి రెండు ముక్కల్లో: ఢిల్లీ అప్పడం బాగుంది, మిరపకాయ బజ్జీ నూనె పాతది. జెయింట్ వీల్ ఎక్కలేదు.

తిరుగుదారిలో చేపల షాపు దగ్గర బండి ఆపినా. మామూలుగా నేను కొనే చోటే, సరుకు నెల్లూరు నుంచి తెల్లారేసరికి దిగుతుంది. "పాల సొర ఉందా" అంటే షాపతను ఐసు పెట్టె అడుగు నుంచి నాలుగు తీసి పలక మీద పడేశాడు. ఒక్కోటి జానెడున్నర. మావాణ్ని గట్టు మీద కూర్చోబెట్టి వేలు పట్టుకుని నిమిరించినా, తల నుంచి తోకకు, తోక నుంచి తలకు. వాడు చెయ్యి వెనక్కి లాక్కుని "తాతా, ఇది గీరుతాది" అన్నాడు. తర్వాత తనంతట తనే ఇంకోసారి నిమిరాడు. ఇది షార్క్ రా అంటే ఒప్పుకోడు. "ల్యా, షార్క్‌కు మీసాలుంటాయి" అన్నాడు.

"ఏంది, ఇంత చిన్నవి?" అన్నా. "పెద్దవి యాడ సార్, మా నాయన కాలంలో చెయ్యంత వచ్చేటివి. ఇప్పుడు ఇవి దొరికితే గొప్ప" అన్నాడు షాపతను. అతని తప్పేం లేదు. 2001 జూలైలో కేంద్రం సొరలన్నిటినీ పట్టకూడదంటే మత్స్యకారులు గొడవ చేశారు, డిసెంబర్‌కల్లా పది జాతులకు కుదించారు. పాల సొర అమ్మడం నేరం కాదు. కానీ పలక మీద ఉన్నవి పుట్టి ఎన్నాళ్లో కాలేదు, నాకు తెలుస్తూనే ఉంది. మన చెరువు బొచ్చె ఒక్కసారికి లక్షల గుడ్లు పెడుతుంది. పాల సొర గుడ్లు పెట్టదు, ఏడాది పాటు కడుపున మోసి ఒకటి నుంచి ఎనిమిది లోపు పిల్లల్ని కంటుంది. మనకంటే మూడు నెలలు ఎక్కువ. ఇంట్లో బాలింతను పెట్టుకుని ఆ నాలుగింటిని తూకం వేయించడానికి నాకు చెయ్యి రాలేదు. కిలో కొరమీను తీసుకున్నా.

అమ్మ సంచీ విప్పి చూసి ఏమీ అనలేదు. పాలిచ్చే తల్లులు తినకూడని చేపల్లో అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ షార్క్ పేరు పెట్టిందనీ, చిన్న చేపల్ని తిని తిని సొర ఒంట్లో పాదరసం చేరుతుందనీ, పాలు పడతాయనడానికి రుజువు లేదనీ నేను చెప్పుకుంటూ పోయినా. అంతా విని, కొరమీను మీద బూడిద చల్లుతూ, "నీకు నేను ఆ సొర తినే పాలిచ్చినా. బాగానే ఉండావు కదా, ఇంగ్లీషులో మాట్లాడేంత" అంది.

మొత్తంగా ఐదుకు రెండున్నర. పోతే మామూలు రోజున నాలుగింటికి పోండి, ఆదివారం తొక్కిడి. చిన్నపిల్లల్ని గేటు దగ్గర కళ్లు మూసి దాటించండి. మావాడు పొద్దున్నే పలక మీద షార్క్ బొమ్మ గీసి చంటిదానికి చూపిస్తున్నాడు. నోటినిండా పళ్లు, ఒకటి వంకర, మూతికి అటొకటి ఇటొకటి మీసాలు.